ఇంట్లో యోగాభ్యాసం మొదలుపెట్టడం ఎలా? మొదటి నెల పాటించవలసిన క్రమం

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాలవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒక్కటే: యోగా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి? అడిగేవారిలో ఎక్కువమంది నలభై దాటినవారు. దుకాణంలో పరుపు మీదో, మగ్గం గుంటలోనో, ఆఫీసు కుర్చీలోనో రోజుకు 8 నుంచి 10 గంటలు కూర్చునేవారు. నడుము పట్టేయడం, మెడ నొప్పి, రాత్రి నిద్ర పట్టకపోవడం అనే మూడు బాధల్లో ఒకటైనా ఉన్నవారు. గురువు పక్కన లేకపోయినా, ఇంట్లో ఒక్కరే ఉండి జాగ్రత్తగా చేసుకోగలిగిన 40 నిమిషాల అభ్యాసాన్ని వారికోసం ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఏ ఆసనం ఏ రోగానికి మందు అనే పట్టిక ఇందులో ఉండదు. అటువంటి పట్టికలు చూసి రక్తపోటు మాత్రలు మానేసి, తరవాత ఇబ్బంది పడినవారిని నేను ఎరుగుదును.

ఈ అభ్యాసమంతటికీ కొలత ఊపిరి. ముక్కుతో నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఊపిరి ఆడుతున్నంతవరకు మీరు చేస్తున్నది మీ ఒంటికి సరిపడా ఉన్నట్టు. ఊపిరి బిగబట్టవలసి వచ్చినా, నోరు తెరవవలసి వచ్చినా, దవడలు బిగుసుకున్నా అది ఎక్కువైనట్టే. వెంటనే సగానికి తగ్గాలి. పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణం కూడా "స్థిరసుఖమాసనం" అన్నంతే: నిలకడగా, సుఖంగా ఉండగలగడం. తల మోకాలికి తగలాలని ఆయన ఎక్కడా అనలేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట గురించి

మన వైపు యోగా తరగతులు చాలావరకు ఒడియాలోనే జరుగుతాయి. అక్కడ "నిశ్వాస నేబా" అంటే గాలి లోపలికి తీసుకోవడం. మన తెలుగు పాఠాల్లో ఉచ్ఛ్వాసం అంటే పీల్చడం, నిశ్వాసం అంటే వదలడం. ఒకే మాట రెండు భాషల్లో రెండు వైపులకు లాగుతుంది. తరగతిలో ఒడియాలో విని, ఇంటికి వచ్చి తెలుగు పుస్తకం చూసి చేసేవారు వంగేటప్పుడు పీల్చడం, లేచేటప్పుడు వదలడం నేను ఎన్నోసార్లు చూశాను. వారి తప్పేమీ లేదు, మాట అలా ఉంది. అందుచేత ఈ క్రమంలో "పీల్చండి", "వదలండి" అన్న రెండు మాటలే వాడుతున్నాను. గుర్తుంచుకోవలసిన సూత్రం కూడా సులువైనదే: ఛాతీ విప్పుకునే కదలికలో పీల్చాలి, పొట్ట ముడుచుకునే కదలికలో వదలాలి.

ముందుగా వైద్యుణ్ణి అడగవలసినవారు

అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, కంటిలో నీటికాసులు లేదా రెటీనా సమస్య, వెన్నులో డిస్కు జారడం, హెర్నియా, మూర్ఛ, ఎముకల బలహీనత ఉన్నవారు, గత 6 నెలల్లో శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు తమ వైద్యుణ్ణి అడిగిన తరవాతనే మొదలుపెట్టాలి. అడిగేటప్పుడు "యోగా చేయవచ్చా?" అని ఊరుకోకుండా, కింద రాసిన ఆసనాల పేర్లు చెప్పి, ఏవి మానాలో అడగండి. మొదటి ప్రశ్నకు "చేయండి, మంచిదే" అన్న జవాబు మాత్రమే వస్తుంది.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడుతున్నవారు పరగడుపున చేసేటప్పుడు చక్కెర పడిపోయే అవకాశం ఉంది. చేతులు వణకడం, చెమటలు పట్టడం, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి ఆకలి వేయడం దాని గుర్తులు. గ్లూకోజు పొడి లేదా చక్కెర చేతికి అందేలా పెట్టుకోండి. గుర్తులు కనిపిస్తే తక్షణం ఆపి, దానిని తీసుకుని, వీలుంటే రక్తంలో చక్కెర చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే ఆ రోజు అభ్యాసం అక్కడితో సరి. ఇది తరచూ జరుగుతుంటే వైద్యుడికి చెప్పాలి.

కావలసినవి

- 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చోటు. దాని పక్కన ఖాళీ గోడ ఉండాలి.
- జారని చాప. కొన్న మ్యాటే కావాలని లేదు. జంపఖానా మీద దుప్పటి పరచుకున్నా చాలు. నున్నని పలకల నేల మీద మాత్రం దుప్పటి ఒక్కటే వేయకండి, నిలబడి చేసే ఆసనాల్లో కాలు జారుతుంది. వాటిని వట్టి నేల మీద, ఉత్త కాళ్లతో చేయండి.
- గట్టిగా మడిచిన బొంతలు రెండు. ఒకటి కూర్చోవడానికి, ఒకటి మోకాళ్ల కిందికి.
- గాముచ్ఛా లేదా నూలు కండువా ఒకటి. పాదాలకు తగిలించి పట్టుకోవడానికి ఇది పట్టీలా పనికొస్తుంది.
- చక్రాలు లేని, కదలని కుర్చీ. నేల మీద కూర్చోలేనివారికి ఇది తప్పనిసరి.
- చిన్న నోటు పుస్తకం, సెకండ్ల ముల్లున్న గడియారం.

సమయం విషయానికి వస్తే, భోజనానికి, అభ్యాసానికి మధ్య 3 నుంచి 4 గంటల ఎడం ఉండాలి. గ్లాసుడు చోడి అంబలి తాగినా గంటన్నర ఆగాలి. తెల్లవారుజామున చేస్తే ఈ చిక్కు ఉండదు. కాని తెల్లవారుజామున ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. సాయంత్రం సాగుతుంది గాని ఇంటి పనులు అడ్డు వస్తాయి. రెండింటిలో మీరు వారానికి 6 రోజులు నిలుపుకోగలిగినది ఏదో అదే మంచిది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు బరంపురం ఉక్కలో ఎండెక్కాక చేయడం ఎవరికీ మంచిది కాదు. ఉదయం 6 లోపు ముగించాలి. కొరాపుట్ వైపు డిసెంబరు, జనవరి చలిలో చేసేవారు కింది రెండవ మెట్టుకు ఇంకో 5 నిమిషాలు కలుపుకోవాలి.

గోపాల్‌పూర్ సముద్రతీరంలో ఇసుక మీద చేయవచ్చా అని కొందరు అడుగుతారు. మొదటి నెలలో వద్దు. ఇసుక ఒక పక్కకు దిగిపోతుంది, మణికట్టు, చీలమండ మెలిపడతాయి. అక్కడ కూర్చుని చేసే ప్రాణాయామం మాత్రం హాయిగా ఉంటుంది.

అభ్యాస క్రమం

మొదటి వారం 1, 2, 3, 8, 9 మెట్లు మాత్రమే చేయండి. రెండవ వారం 4, 7 కలపండి. మూడవ వారం 5, నాలుగవ వారం 6 కలపండి. ఇలా చేస్తే 27 నిమిషాలతో మొదలై నెలాఖరుకు 40 నిమిషాలు అవుతుంది. తొందరపడి మొదటి రోజే అన్నీ చేసినవారు మూడవ రోజు ఒళ్లు నొప్పులతో మానేస్తారు.

1. కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకోవడం (3 నిమిషాలు). మడిచిన బొంత అంచు మీద బాసిపట్టు వేసుకుని కూర్చోండి. మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉంటే ఇంకొక మడత వేయండి. మోకాళ్లు తుంటికి సమానంగానో, కిందుగానో వచ్చేదాకా ఎత్తు పెంచాలి. ఎత్తు చాలకపోతే ఎవరైనా నడుము వంచి కూర్చోవలసిందే. నేల మీద కూర్చోలేనివారు కుర్చీలో వెనక్కి ఆనకుండా, పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి. ఏమీ మార్చకుండా ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. పెద్దవారికి విశ్రాంతిలో నిమిషానికి 12 నుంచి 20 వరకు సహజం.

2. కీళ్లు వదులు చేయడం (6 నిమిషాలు). కాలివేళ్లు, చీలమండలు, మోకాళ్లు, మణికట్లు, భుజాలు వరుసగా ఒక్కొక్కటి 8 సార్లు కదపండి. మెడను గుండ్రంగా తిప్పకండి. ముందుకు వంచి, మామూలు స్థితికి తెచ్చి, తరవాత ఒక్కొక్క పక్కకు వాల్చి, చివరికి కుడికి, ఎడమకు చూడండి. మెడ వెనక్కి పూర్తిగా వాల్చడం ఈ నెలలో అవసరం లేదు.

3. తాడాసనం, తరవాత వృక్షాసనం (5 నిమిషాలు). మొదట గోడకు వీపు చేర్చి నిలబడండి. మడమలు గోడకు రెండంగుళాల దూరంలో, పిరుదులు, వీపు గోడకు తగులుతూ ఉండాలి. గడ్డం పైకెత్తకుండా తల వెనక భాగం గోడకు తగులుతుందేమో చూడండి. తగలకపోతే బలవంతం చేయకండి, మధ్యలో ఎన్ని వేళ్ల సందు ఉందో కొలుచుకుని రాసుకోండి.

మా వీధిలో ఒక నేతన్న ఉన్నారు, నేను మావయ్యా అని పిలుస్తాను. నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని పట్టు నేసిన మనిషి. మొదటి రోజు గోడకు నిలబెడితే ఆయన తలకు, గోడకు మధ్య నా నాలుగు వేళ్లు పట్టాయి. కుడి భుజం ఎడమ దానికంటే అంగుళం పైన ఉంది. "ఈ వయసులో ఇంకేం సాగుతాది బాబూ" అన్నారు. భుజాలను సరి చేయాలని నేను ప్రయత్నించలేదు, ఆయననూ చేయనివ్వలేదు. ఊరికే గోడను ఆనుకుని, పీల్చేటప్పుడు నడినెత్తి పైకి సాగుతున్నట్టు, వదిలేటప్పుడు భుజాలు జారుతున్నట్టు 10 ఊపిర్లు తీయమన్నాను. మూడో నెలకు ఆ సందు రెండు వేళ్లకు వచ్చింది. కుడి భుజం ఇప్పటికీ కొంచెం ఎత్తుగానే ఉంది, కాని మెడ నొప్పి గురించి ఆయన మాట్లాడడం మానేశారు.

గోడ దగ్గర 10 ఊపిర్ల తరవాత ఒక అడుగు ముందుకు వచ్చి, పీలుస్తూ చేతులు పక్కలనుంచి పైకెత్తి, వదులుతూ దించండి, 6 సార్లు. తరవాత వృక్షాసనం. గోడకు పక్కగా నిలబడి, ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక పాదాన్ని రెండవ కాలి పిక్కకు గాని, తొడ లోపలికి గాని ఆనించండి. మోకాలి మీద మాత్రం ఆనించకూడదు, ఆ కీలు పక్కనుంచి వచ్చే ఒత్తిడిని తట్టుకోలేదు. ఒక్కొక్క వైపు 20 సెకండ్లు చాలు. నిలవలేనివారు పాదం పూర్తిగా ఎత్తకుండా బొటనవేలు నేలకు ఆనించి ఉంచవచ్చు. చూపు ఎదుట ఒక చుక్క మీద ఉంటే ఊగడం తగ్గుతుంది.

4. మార్జాలాసనం (3 నిమిషాలు). మోకాళ్ల కింద మడిచిన బొంత పెట్టుకుని, అరచేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద వచ్చేలా నాలుగు కాళ్ల మీద నిలవండి. పీలుస్తూ ఛాతీని ముందుకు తీసుకెళ్లి నడుమును కొద్దిగా దించండి, వదులుతూ వీపును పైకి గుండ్రంగా ఎత్తండి. 10 సార్లు. కదలిక ఊపిరితో మొదలై ఊపిరితో ముగియాలి. మణికట్టు నొప్పి ఉంటే పిడికిళ్ల మీద గాని, మోచేతుల మీద గాని చేయండి.

5. భుజంగాసనం (3 నిమిషాలు). రోజంతా ముందుకు వంగి పనిచేసేవారికి ఈ క్రమంలో అత్యవసరమైనది ఇదే. జీడిపప్పు వలిచేవారు, బట్టలు కుట్టేవారు, కంప్యూటరు ముందు కూర్చునేవారు మిగిలినవి ఏవి మానినా దీనిని మానకూడదు. బోర్లా పడుకుని, నుదురు నేలకు ఆనించి, అరచేతులు ఛాతీ పక్కన పెట్టుకోండి. పాదాల పైభాగం నేలకు అదిమి ఉంచండి. పీలుస్తూ తల, ఛాతీ పైకెత్తండి. ఎంత ఎత్తు అన్నదానికి ఒక పరీక్ష ఉంది: లేచిన చోట ఆగి, అరచేతులను నేలనుంచి అరంగుళం పైకి తీయండి. ఛాతీ అక్కడే నిలిస్తే అది మీ ఎత్తు. కిందికి పడిపోతే మీరు చేతులతో తోసుకుని లేచారన్నమాట, ఆ బరువు నడుములో ఒక్కచోట పడుతుంది. ఈ ఆసనం మొదలుపెట్టిన వారంలో ఎవరికైనా ఆ ఎత్తు నాలుగైదు అంగుళాలకు మించదు. బొడ్డు నేల విడవకూడదు. 3 ఊపిర్లు ఉండి, వదులుతూ దిగండి, 4 సార్లు.

గర్భిణులు, ఇటీవల పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారు చేయకూడదు. బోర్లా పడుకోలేనివారు గోడకు ఎదురుగా నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తులో గోడకు ఆనించి, ఛాతీని గోడవైపు తెచ్చి పైకి విప్పవచ్చు.

6. పశ్చిమోత్తానాసనం (4 నిమిషాలు). ఎక్కువమంది దెబ్బ తినేది దీనిలో. కాబట్టి దీనిని నాలుగవ వారానికి పెట్టాను, దీని గురించి కొంచెం ఎక్కువగా చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఒక శిబిరంలో నేను ఈ ఆసనంలో ఉండగా, నేర్పుతున్నాయన వెనకనుంచి వీపు మీద రెండు చేతులతో నొక్కారు. తల మోకాలికి తగిలింది, అందరూ మెచ్చుకున్నారు. మరునాటినుంచి పిరుదు కింద, కూర్చునే ఎముక దగ్గర సూదితో పొడిచినట్టు నొప్పి. అది పూర్తిగా తగ్గడానికి 8 నెలలు పట్టింది. ఆ 8 నెలలు నేను స్కూటరు మీద కూడా ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాణ్ణి. మీ వీపు మీద ఎవరినీ నొక్కనివ్వకండి. ఎంత పేరున్న గురువైనా సరే, వద్దని చెప్పండి.

ఇప్పుడు చేసే పద్ధతి. బొంత మీద కూర్చుని కాళ్లు ముందుకు చాపండి. మోకాళ్లు నిటారుగా ఉండనవసరం లేదు. వాటి కింద రెండవ బొంత చుట్టి పెట్టుకోండి. గాముచ్ఛాను అరికాళ్లకు తగిలించి రెండు కొసలు పట్టుకోండి. పీలుస్తూ వెన్ను పైకి సాచండి. వదులుతూ తుంటి దగ్గరనుంచి ముందుకు వంగండి. ఇక్కడ చూసుకోవలసినది బొడ్డు: బొడ్డు తొడలవైపు కదిలితే మీరు తుంటినుంచి వంగుతున్నట్టు, బొడ్డు వెనక్కి పోయి వీపు గుండ్రమైతే నడుమునుంచి వంగుతున్నట్టు. రెండవది జరిగిన చోట ఆగి, అంగుళం వెనక్కి రండి. అక్కడ 6 ఊపిర్లు. తొడ వెనక మధ్యభాగంలో సాగినట్టు ఉంటే మంచిదే. కూర్చునే ఎముక దగ్గరగాని, మోకాలి వెనకగాని పొడిచినట్టుంటే వెంటనే లేవాలి. డిస్కు సమస్య ఉన్నవారు దీనిని పూర్తిగా వదిలి, వెల్లకిలా పడుకుని ఒక కాలిని గాముచ్ఛాతో పైకెత్తి పట్టుకునే పద్ధతి వైద్యుణ్ణి అడిగి చేయవచ్చు.

7. సేతుబంధాసనం (3 నిమిషాలు). వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు తుంటి వెడల్పులో నేలకు ఆనించండి. పీలుస్తూ నడుమును నెమ్మదిగా ఎత్తి, వదులుతూ దించండి, 6 సార్లు. నడుము పైకి ఉన్నప్పుడు తల పక్కకు తిప్పకూడదు, ఎవరు పిలిచినా సరే. అందువల్ల ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి.

8. ప్రాణాయామం (7 నిమిషాలు). ఇందులో రెండు భాగాలు. మొదటిది ముక్కు రంధ్రాలు మార్చి ఊపిరి తీయడం. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మడిచి, బొటనవేలితో కుడి రంధ్రం, ఉంగరపు వేలితో ఎడమ రంధ్రం మూసేలా పెట్టుకోండి. కుడి రంధ్రం మూసి ఎడమనుంచి పీల్చండి, ఎడమ మూసి కుడినుంచి వదలండి. తిరిగి కుడినుంచే పీల్చి ఎడమనుంచి వదలండి. ఇది ఒక ఆవృత్తి. మనసులో 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలాలి. మధ్యలో బిగబట్టడం లేదు. 6 ఆవృత్తులు. ముక్కు పక్కను సున్నితంగా తాకితే చాలు, నొక్కితే మధ్య ఎముక వంగినట్టు ఇబ్బందిగా ఉంటుంది. జలుబుతో ఒక రంధ్రం మూసుకుపోయి ఉంటే ఆ రోజు రెండు రంధ్రాలతోనూ అదే లెక్కలో ఊపిరి తీయండి.

రెండవది భ్రామరి. పెదవులు మూసి, పళ్లు కలవకుండా, వదిలేటప్పుడు తుమ్మెదలా సన్నని నాదం చేయండి, 5 సార్లు. చెవులు మూసుకోవడం మీ ఇష్టం. నాదం మధ్యలో తెగకుండా, చివరలో ఆయాసం లేకుండా ఉండాలి. నిద్ర పట్టనివారు పడుకునే ముందు దీనిని మరోసారి చేసుకోవచ్చు.

కపాలభాతి, అంటే పొట్టను లోపలికి లాగుతూ వేగంగా ఊపిరి వదిలే క్రియ, దాని గురించి చాలామంది అడుగుతారు, టీవీలో చూసి నేరుగా దానితోనే మొదలుపెడతారు. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవారికి, గర్భిణులకు అది పనికిరాదు. మిగిలినవారు కూడా మొదటి నెలలో ముట్టుకోవద్దు; ఎదుట కూర్చుని చూసే గురువు దగ్గర నేర్చుకోవలసిన క్రియ అది.

9. శవాసనం (6 నిమిషాలు). సమయం లేదని మొదట వదిలేసేది దీనినే. మీకు 20 నిమిషాలే ఉంటే ఆసనాలు రెండు తగ్గించండి గాని దీనిని తీసివేయకండి. వెల్లకిలా పడుకుని, నడుము నొప్పి ఉంటే మోకాళ్ల కింద బొంత చుట్టి, తల కింద పలుచని మడత పెట్టుకోండి. ఫ్యాను నేరుగా తగులుతుంటే పైన దుప్పటి కప్పుకోండి, ఒళ్లు చల్లబడితే కండరాలు మళ్లీ బిగుసుకుంటాయి. కాలివేళ్లనుంచి నుదుటివరకు ఒక్కొక్క భాగాన్ని మనసులో తలచుకుంటూ వదులు చేయండి. నాలుక, దవడ, కనుబొమల మధ్య చోటు మరచిపోకండి. లేచేటప్పుడు కుడిపక్కకు తిరిగి, అరనిమిషం ఆగి, చేతులు నేలకు ఆనించి లేవండి. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి, రక్తపోటు మాత్రలు వాడేవారికి మరీను.

నిద్ర పట్టేస్తోంది అంటారు కొందరు. వారంపాటు రోజూ అలా జరిగితే రాత్రి నిద్ర చాలడం లేదని అర్థం. ముందు దానిని సరిచేసుకోండి. ఇంకొందరికి కళ్లు మూసి కదలకుండా పడుకుంటే గుండె దడ, భయం కలుగుతాయి. వారు కళ్లు తెరిచి, కప్పు మీద ఒకచోట చూపు నిలిపి, 2 నిమిషాలు మాత్రమే ఉండి, కూర్చుని ముగించాలి. అది తప్పు కాదు.

ఎక్కువగా కనిపించే పొరపాట్లు

వారమంతా మానేసి ఆదివారం గంటన్నర చేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రోజుకు 15 నిమిషాలు దానికంటే ఎంతో మేలు. రెండవది ఫోను ఎదుట పెట్టుకుని వీడియో చూస్తూ చేయడం. మెడ తిప్పి చూడవలసి వస్తుంది, ఊపిరి ఆ వీడియోలోని మనిషి లెక్కలో నడుస్తుంది. వీడియో కావాలంటే ముందురోజు రాత్రి చూసి, చేసేటప్పుడు ఫోను పక్కగదిలో పెట్టండి. మూడవది ఇంట్లోవారితో పోల్చుకోవడం. పన్నెండేళ్ల పిల్ల వంగినట్టు నలభై అయిదేళ్ల తల్లి వంగదు, వంగనవసరమూ లేదు.

ఏకాదశి, కార్తీక సోమవారాల వంటి ఉపవాసపు రోజుల్లో 1, 2, 8, 9 మెట్లు చాలు. నెలసరి రోజుల్లో ఒంటికి హాయిగా ఉన్నవి చేసుకోవచ్చు, అసౌకర్యంగా ఉన్నవి మానవచ్చు. జ్వరం ఉంటే ఏదీ వద్దు. వానాకాలంలో చాప నెమ్ము పట్టి వాసన వేస్తుంది, వారానికోసారి ఎండ దొరికినప్పుడు మేడ మీద ఆరవేయండి.

నొప్పి విషయంలో ఒక లెక్క పెట్టుకోండి. కండరం మధ్యలో మొద్దుగా ఉండి, రెండు రోజుల్లో తగ్గేది అలవాటులేని శ్రమ వల్ల వచ్చినది. కీలులో పొడిచినట్టున్నా, కాలిలోకో చేతిలోకో జాలువారినట్టు పాకినా, తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నా ఆపి వైద్యుడికి చూపించాలి. ఛాతీలో బరువు, ఎడమచేతిలో లేదా దవడలో నొప్పి, చల్లని చెమట వస్తే గ్యాసని అనుకుని కూర్చోకుండా 108కు ఫోను చేయండి.

ఫలితం వస్తోందో లేదో చూసుకోవడం

అద్దంలో చూసుకుంటే తెలియదు. బరువు తూచుకున్నా పెద్దగా తెలియదు, ఈ 40 నిమిషాలకు బరువు అంతగా తగ్గదు. దానికి నడక, తిండిలో మార్పు కావాలి. ప్రతి ఆదివారం ఒకే సమయంలో కింది అయిదూ పుస్తకంలో రాయండి.

- విశ్రాంతిలో నిమిషానికి ఊపిర్లు ఎన్ని.
- గోడ పక్కన ఒంటికాలి మీద ఎన్ని సెకండ్లు నిలిచారు, ఒక్కొక్క కాలికి విడిగా.
- గోడకు, తలకు మధ్య ఎన్ని వేళ్ల సందు.
- నేల మీదనుంచి లేవడానికి రెండు చేతులు కావాలా, ఒకటి చాలా, అసలు అక్కరలేదా.
- ఆ వారం పడుకున్న తరవాత అరగంటలోపు నిద్ర పట్టిన రాత్రులు ఎన్ని.

నా దగ్గరకు వచ్చినవారిలో ముందుగా మారేది చివరిది, ఆలస్యంగా మారేది గోడ సందు. నెల తరవాత అయిదింటిలో ఒక్కటీ కదలకపోతే ముందు వారానికి ఎన్ని రోజులు చేశారో లెక్క చూడండి. 5 కంటే తక్కువైతే జవాబు అక్కడే ఉంది. రోజులు సరిగా ఉండి కూడా మార్పు లేకపోతే ఎదుట ఒకరు చూసి చెప్పవలసిన అవసరం ఉంది, దగ్గరలోని అనుభవమున్న గురువు దగ్గరకు వెళ్లండి.

మనసు సంగతి ఒకటి విడిగా చెప్పాలి. కంగారు, చిరాకు, పని ఒత్తిడి వల్ల వచ్చే నిద్రలేమికి ఈ అభ్యాసం నిజంగా తోడ్పడుతుంది, నేను నమ్మకంతో చెబుతున్నాను. కాని 2 వారాలకు పైగా ఏ పని మీదా మనసు లేకుండా, తిండి, నిద్ర పాడై, ఎందుకు బతకాలి అన్న ఆలోచన వస్తుంటే అది ఆసనాలతో తేలే విషయం కాదు. అప్పుడు వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవకు 14416 నంబరులో పగలు, రాత్రి ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఒడిశాలో ఉన్నామని ఒడియాలోనే మాట్లాడాలేమో అని సందేహించకండి, తెలుగు కావాలని అడగండి. మందులు రాస్తే వాడండి, అభ్యాసం పక్కన సాగనివ్వండి.

రెండవ నెలలో, మానేసి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

సూర్యనమస్కారాలు ఎప్పుడు అన్నది తరవాత వచ్చే ప్రశ్న. 5, 6 మెట్లు నొప్పి లేకుండా 2 వారాలు నడిచాక, 12 స్థితుల్లో ఒక్కొక్కదానికి ఒక పూర్తి ఊపిరి ఇస్తూ 2 ఆవృత్తులతో మొదలుపెట్టండి. వారానికి ఒకటి కలుపుతూ 6 వరకు వెళ్లవచ్చు. ఆపైన సంఖ్య పెంచడం కంటే నెమ్మదిగా చేయడం మేలు. మణికట్టు, భుజం బలహీనంగా ఉన్నవారు కుర్చీ సీటు మీద చేతులు ఆనించి చేయవచ్చు, కుర్చీని గోడకు చేర్చి పెట్టాలి.

ఇక అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేస్తారు. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర వస్తే మా వీధిలో ఎవరూ వేళకు పడుకోరు, పెళ్లిళ్ల రోజుల్లోనూ అంతే. వారం మానేస్తే, ఆపేసిన చోటికి ఒక వారం వెనకనుంచి మొదలుపెట్టండి. నెల మానేస్తే మొదటి వారంనుంచి, అంటే 27 నిమిషాలతో మొదలుపెట్టి, పుస్తకంలో కొత్త పేజీ తీసి, మొదటి రోజు ఊపిర్ల లెక్క మళ్లీ రాయండి.